బుచ్చవ్వ మూతిగుడ్డ

అనగనగా, మన తాతల తాతలు కూడా ఇంకా పుట్టని కాలంలో, ఒక గడి ఉండేది. గడి అంటే దొర ఉండే ఇల్లు. గోడలు ఎత్తు, తలుపులు బరువు, లోపలి మనుషులకు గుండెలు గట్టి. ఆ దొర పేరేమిటని నన్ను అడగకండి. నాకు తెలియదు, ఎవరికీ తెలియదు, మరిచిపోయి మంచి పని చేశారు. ఆ గడిలో బాదంపప్పు దంచిన బుచ్చవ్వ పేరు మాత్రం అందరికీ తెలుసు. ఎందుకో చెబుతాను, వినండి.

బాదం అప్పట్లో ఎక్కడో కాబూలు నుంచి గుర్రాల మీద వచ్చేదట. గడిలో దానితో ఎన్ని భోగాలో! పప్పు నానబెట్టి, తొక్క తీసి, దంచి, పాలలో కలిపి దొర తాగేవాడు. ఒంటికి బలమని. నూనె తీసి దొరసాని తలకు రాసుకునేది. జుట్టుకు మంచిదని. పెంకులు కాల్చి, ఆ బొగ్గులో ఉప్పు కలిపి పళ్లు తోముకునేవారు. చిగుళ్లు గట్టిపడతాయని. ఒలిచిన తొక్కలు కూడా పారేసేవారు కాదు, దొర గుర్రానికి పెట్టేవారు. గుర్రం కూడా తినేది. దంచే మనిషి మాత్రం తినకూడదు.

తినకుండా ఏం చేశారో తెలుసా? కళ్లంలో తిరిగే ఎద్దు గింజ మేయకుండా దాని మూతికి చిక్కం కడతారు కదా. దొరసాని అది చూసింది. చూసి, బుచ్చవ్వ మూతికి గుడ్డ కట్టించింది. నాలుగు మడతల ముతక గుడ్డ, ముక్కు కింద నుంచి గడ్డం దాకా. మనిషికండీ! రోకలి పట్టే ముందు గుడ్డ కట్టాలి, దంచడం అయ్యాకే విప్పాలి. మూతికి గుడ్డ, చేతికి రోకలి. బుచ్చవ్వ బతుకంతా అదే. నల్లజుట్టుతో గడిలోకి వచ్చిన మనిషి జుట్టు నెరిసింది గానీ, బాదం రుచి ఏమిటో ఆమె నాలుకకు తెలియలేదు.

ఇలా ఉండగా గడిలో దొరసాని కూతురు పురుడు పోసుకుంది. గడి బయట పనివాళ్ల వాడలో బుచ్చవ్వ కూతురు గంగు కూడా పురుడు పోసుకుంది. దొరసాని కూతురికి పూటపూటకూ బాదంపాలు. గంగుకు జొన్నరవ్వ కాచిన పలుచటి గట్క. నిండు నెలల్లో కూడా దొర పొలంలో కలుపు తీసిన పిల్ల, ఎముకల గూడై పడుకుంది. పాలు పడలేదు. పసివాడు చప్పరించి చప్పరించి, ఏడ్చే ఓపిక కూడా లేక ఊరుకున్నాడు. వాడు ఏడిస్తే బుచ్చవ్వకు బాధ, ఊరుకుంటే భయం.

మర్నాడు పొద్దున బుచ్చవ్వ దొరసాని ముందు వంగి నిలబడింది.

"బాంచెను దొరసాని, నా బిడ్డకు పాలు పడుతలెవ్వు. పిడికెడు పప్పు ఇయ్యి."

"గట్క తాగే కడుపుకు బాదం అరుగుతదానే? పో, పనిచూసుకో" అంది దొరసాని.

ఏ వైద్యుడు చెప్పాడమ్మా ఆ మాట? పేగులు కూడా గడిలో ఒక రకం, వాడలో ఒక రకం పుడతాయా? బుచ్చవ్వ రోలు దగ్గరికి నడిచింది. మూతికి గుడ్డ, చేతికి రోకలి.

రెండో రోజు మళ్లీ అడిగింది. "పప్పు వద్దు దొరసాని. తొక్కలన్న ఇయ్యి."

"తొక్కలు నీకిస్తే గుర్రం ఏం తినాలె?"

మూడో రోజు మళ్లీ అడిగింది. "తొక్కలు కూడా వద్దు. రోలు కడిగిన నీళ్లన్న ఇయ్యి."

"ఆ నీళ్లు మల్లెచెట్టుకు పోస్తరు. తెల్వదా నీకు?"

గుర్రం కంటే తక్కువ, మల్లెచెట్టు కంటే తక్కువ. బుచ్చవ్వ ఆ రోజు రోకలి ఎత్తి ఎంత కోపంగా వేసిందంటే, నానిన పప్పు చిట్లి, దాని పాలు ఎగిరి ఆమె ముఖం మీద పడ్డాయి. ముఖం తుడుచుకుంది. మూతిగుడ్డ తడిసి బరువెక్కింది. ఆ బరువు ఆమెకు తెలిసింది.

సాయంత్రం గుడ్డను కొంగులో దాచుకుని ఇంటికి పరుగెత్తింది. కాచిన నీళ్లలో వేసి పిండింది. నీళ్లు తెల్లబడ్డాయి. ఆ నీళ్లు గంగుకు తాగించింది. ఆ రోజు నుంచి రోలు మీదికి వంగి వంగి దంచింది. ఎంత వంగితే గుడ్డకు అంత తడి. పాలు పెదాల దాకా ఊరి వచ్చేవి. నాలుక చాస్తే రుచి తెలిసేది. చాచలేదు. తాను నాకినంత గంగుకు తగ్గిపోతుందని పళ్లు బిగపట్టుకుంది.

గంగు లేచి కూర్చుంది. పాలు పడ్డాయి. పసివాడు ఊరంతా వినేలా ఏడ్చాడు. ఆ ఏడుపు విని బుచ్చవ్వ నవ్వింది.

ఒకరోజు గంగు పిల్లవాణ్ణి చంకనేసుకుని పిడకలు ఇవ్వడానికి గడికి వచ్చింది. దొరసాని వాడి బుగ్గలు చూసింది. చూసి ఓర్వలేకపోయింది.

"ఏమే బుచ్చీ, గట్క తాగేదాని కొడుకుకు ఈ నిగ్గు ఎక్కడిది? పప్పు దొంగతనం చేసినవా?"

"నేను చెయ్యలె దొరసాని. నువ్వు కట్టిన గుడ్డనే పెట్టింది" అని ఉన్నమాట చెప్పేసింది బుచ్చవ్వ.

ఇంకొకరైతే సిగ్గుతో తల దించుకునేవారు. దొరసాని ఏమందో తెలుసా? "రేపటి సంది గుడ్డ ఈడనే, నా కండ్ల ముందట ఉతికి పో" అంది. పసివాడి నోటి ముందు నుంచి ఆ తడిని కూడా లాగేసుకుంది.

బుచ్చవ్వ మూతిగుడ్డ విప్పింది. రోటి మీద పెట్టింది. "ఇగ నేను దంచ" అని బయటికి నడిచింది. ఆ మాటతో పాటు ‘బాంచెను’, అంటే నీ బానిసను, అనలేదు.

దొరసాని ఒక ఆమెను పిలిచింది. "మూతి కట్టుకొని దంచ" అందామె. ఇంకొకామెను పిలిచింది. "మూతి కట్టుకొని దంచ." మూడో ఆమెను పిలిచింది. ఆమె గుడ్డను చూసి గుమ్మంలో నుంచే వెనక్కి తిరిగింది. దొర కసురుకున్నాడు, బెదిరించాడు, వాడవాళ్లు నీళ్లు తోడకుండా బావి దగ్గర మనిషిని కాపలా పెట్టాడు. వాడ ఆడవాళ్లు వాగుకు పోయి ఇసుకలో చెలిమె గుంట తవ్వుకుని నీళ్లు తెచ్చుకున్నారు గానీ రోకలి ముట్టలేదు. నానిన పప్పు పులిసిపోయింది. దొరసాని తానే రోకలి ఎత్తింది. అరచేతులు బొబ్బలెక్కాయి. పప్పు పలుకులు పలుకులుగా మిగిలింది.

"నాకు గొంతు దిగుతలేదు. బుచ్చవ్వను పిలువు, అమ్మా" అంది మంచంలో ఉన్న కూతురు.

పిలిచారు. వాడంతా వెంట వచ్చింది. బుచ్చవ్వ వంగలేదు.

"మూతికి గుడ్డ కట్ట. మొదటి ముద్ద నా నోట్లె. రెండోది నా బిడ్డకు. మూడో ముద్ద సంది నీ ఇష్టం."

దొరసాని కూతురి వైపు చూసి తల ఊపింది. బుచ్చవ్వ దంచింది. అందరి ముందూ మొదటి ముద్ద నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. ఎట్లా ఉందోనని వాడంతా ఆమె మొహం వైపే చూసింది.

"చప్పగున్నది" అంది బుచ్చవ్వ. "ఇంత చప్పటి దానికా, ఇన్నేండ్లు నా మూతి కట్టింది?"

రెండో ముద్ద గంగు చేతిలో పెట్టింది. 

ఆ గడి కూలిపోయి ఎన్నాళ్లయిందో! బుచ్చవ్వ కూడా పోయింది. కానీ ఆ వైపు ఊళ్లలో బాలింత కోసం బాదం నానబెట్టిన ఇంట్లో, దంచిన మనిషి నోట్లో మొదటి ముద్ద పడేదాకా ఇంకెవరూ ముట్టరు. "ఎట్లున్నది?" అని ఇంటి పెద్దామె అడుగుతుంది. "చప్పగున్నది" అనాలి దంచినామె. అందరూ నవ్వుతారు. పెద్దామె మాత్రం నవ్వదు. ఆమె దంచినామెకు రెండో ముద్ద కూడా చేతిలో పెట్టి, "మీ ఇంట్ల పిల్లలకు తీసుకపో" అంటుంది.