శాలువా కప్పుకున్న కంప్యూటరు

రాజులు పోకముందే కంప్యూటర్లు వచ్చేసిన మేడికొండ సంస్థానంలో, యుద్ధం ఆటలో తనను గెలిపించిందని రాజుగారు తన కంప్యూటరుకి నిండుసభలో శాలువా కప్పారు. తీస్తే అమర్యాదని ఎవరూ తీయలేదు. ఆ రోజు నుంచే ఆట నత్తనడక నడవసాగింది.

దివాను భుజంగరావు తెర మీది అంకె చూశాడు. "ఆట బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు తొంభై డిగ్రీల వేడితో కాలుతోంది ప్రభూ. ఈ పోలమ్మ నాసిరకం కార్డు బిగించింది. ఊరి నుంచి వెళ్లగొట్టాలి."

కంప్యూటర్లు బాగుచేసే పోలమ్మ చేతులు కట్టుకుంది. "అలాగే పోతాను. ముందు దివానుగారు ఆ శాలువా కప్పుకుని కోట మెట్లు ఎక్కి దిగాలి. ఈలోగా ప్రభువులు ఆట ఆడుతూ ఉండాలి."

రాజుగారికి వేడుకగా అనిపించి సరేనన్నారు. దివాను తిరిగొచ్చేసరికి చెమటలు కారుతున్నాయి.

"దివానుగారి ఒళ్లు కాలిపోతోంది. ఆయన కూడా నాసిరకమేనా ప్రభూ?" అంది పోలమ్మ.

"మెట్లెక్కితే ఎవరికైనా వేడెక్కదా? పైగా ఈ శాలువా ఒకటి" అని దివాను దాన్ని లాగి పడేశాడు.

"కార్డుదీ అదే మాట బాబూ. పని చేస్తే వేడెక్కడం రోగం కాదు. ఆ వేడిని బయటికి పోనివ్వాలి."

రాజుగారు తెర చూసుకున్నారు. అంకె డెబ్బైకి దిగింది, ఆట గుర్రంలా పరిగెడుతోంది. మురిసిపోయి, ఆ శాలువా పోలమ్మకి కప్పబోయారు.

"నేను పని చేసే మనిషిని ప్రభూ, వేడెక్కుతాను" అంటూ ఆమె పక్కకి జరిగింది. "దివానుగారికే కప్పండి. ఆయనకి ఏ ప్రమాదమూ లేదు."