వినని ఏడుపు

జమీందారుగారి కొడుకు మకరందుడు చదువుకోడానికి రాజధానికొచ్చి, ఓ ఇరుకు మేడగదిలో దిగాడు. నలుగురూ నోరెళ్లబెట్టాలని ఏరికోరి ఓ వేటకుక్కను తెచ్చుకున్నాడు. పొద్దున్నే దాన్ని గదిలో కట్టేసి వెళ్తే, మళ్లీ చీకటిపడ్డాకే రావడం.

"పైగదిలో కుక్క పగలంతా ఒకటే ఏడుపు దొరా! మా చంటిదానికి కునుకు పట్టట్లేదు" అని కింది గదిలో పూలు కట్టుకునే పోలమ్మ నగరాధికారి దగ్గర మొరపెట్టుకుంది.

అధికారి కబురంపితే మకరందుడు కుక్కతో సహా వచ్చాడు.

"అబద్ధం! నా కుక్క ఏడవగా నేనొక్కనాడూ వినలేదు" అని గద్దించాడు.

జమీందారు కొడుకు మాట కాదనడానికి అధికారి జంకాడు.

"బాబు చెప్పింది నిజమే దొరా, ఆయన విని ఉండరు" అంది పోలమ్మ. "బాబూ, దాన్ని ఈ స్తంభానికి కట్టి, చెప్పులేసుకుని ఒక్కసారి వీధిలోకెళ్లండి."

మకరందుడు నవ్వుతూ వెళ్లాడు. చెప్పుల చప్పుడు గడప దాటిందో లేదో, లోపల కుక్క గొంతెత్తింది. జాతరలో తల్లి చెయ్యి జారిన పిల్లలా ఏడ్చింది. వీధిలో జనం ఆగి అతనికేసి చూశారు.

మకరందుడు చెప్పులు విప్పడం కూడా మరిచి, తల దించుకుని తిరిగొచ్చాడు. కుక్క ఏడుపు ఆపి, తోకాడిస్తూ ఆ చెప్పులే నాకింది.

అది కరిచి ఉంటే అతనికి అంత సిగ్గేసేది కాదు.