వంతెన దగ్గర పులిబూటు

అనగనగా చీనా దేశంలో, వీధులుండాల్సిన చోట కాలువలుండే ఒక ఊళ్ళో, ఎప్పుడు చూసినా ముసురే. ఊఁ కొడుతూ విను చిట్టీ. అక్కడ ఎదురింటికి వెళ్ళాలన్నా పడవే. కూరలమ్మే ఆవిడ పడవలో వచ్చి కిటికీకి బుట్ట అందించేది. తెల్లటి గోడలు, నల్లటి పెంకులు, నీళ్ళ మీద వంగిన రాతి వంతెనలు.

ఒకరోజు ఆ ఊరికి కొండల్లోంచి ముగ్గురు వచ్చారు. లియన్ అని ఒకావిడ. ఆవిడ వీపున కట్టుకున్న కూతురు మెయ్. వెనకాల మెయ్ వాళ్ళ అమ్మమ్మ. వాళ్ళు ఊరు చూడ్డానికి రాలేదు. పిల్లకి జ్వరం. ఎన్ని కషాయాలు పోసినా దిగని జ్వరం. కళ్ళు తెరవడం కూడా మానేసింది.

పిల్ల కాళ్ళకి అమ్మమ్మ కుట్టిన గుడ్డ బూట్లున్నాయి. ముందువైపు పులి మొహాలు. చెవులు, మీసాలు, గుండ్రటి కళ్ళు. కాళ్ళ దగ్గర పులి కాపలా ఉంటే పిల్ల జోలికి చెడు రాదని వాళ్ళ నమ్మకం.

పడవ నడిపే ఛెన్ అత్త వాళ్ళని గట్టున దింపి చెప్పింది. "మా ఊళ్ళో మూడు వంతెనలున్నాయి తల్లీ. జబ్బుపడ్డ పిల్లని ఎత్తుకుని వరసగా మూడూ దాటితే జబ్బు వదులుతుంది. దాటిన వంతెన ఆ రోజు మళ్ళీ ఎక్కకూడదు. ఎక్కావో, వదిలిన జ్వరం తిరిగి పట్టుకుంటుంది. అంతే."

అంతే అంది. లియన్ భయం అంతటితో ఆగలేదు. ఎక్కకూడదంటే తిరక్కూడదు, తిరక్కూడదంటే చూడకూడదు అనుకుంది. తల కూడా తిప్పనని మనసులో ఒట్టు పెట్టుకుంది.

అప్పుడు మొదటి వంతెన ఎక్కారు. మెట్లు పాచిపట్టి జారుతున్నాయి. "నిదానంగా నడవవే," అంది వెనకనుంచి ముసలమ్మ. "నీవి మేక కాళ్ళు. నావి వానలో నానిన బల్ల కాళ్ళు." లియన్‌కి నవ్వొచ్చింది. నవ్వింది కూడా. తల మాత్రం తిప్పలేదు.

ఆ తర్వాత రెండో వంతెన. అది ఇంకా ఎత్తు. నాలుగు మెట్లెక్కేసరికి వీపు మీద పిల్ల ఊపిరి సన్నబడింది. లియన్ అడుగు పెంచింది. అప్పుడు కిందనుంచి కేక.

"లియన్! ఆగవే! ఇటు చూడు!"

చూడలేదు.

"ఒక్కసారే! ఇటు చూడవే!"

"చూడనమ్మా! నా పిల్ల నాకు దక్కాలి!" అని ముందుకే అరిచింది. అరుస్తూనే అవతలికి దిగిపోయింది.

ఆ తర్వాత మూడో వంతెన. ఈసారి వెనకనుంచి పిలుపు లేదు. వాన చప్పుడే. అలిగిందేమోలే అనుకుంది లియన్. వస్తూనే ఉంటుందిలే అనుకుంది. వంతెన దాటింది.

అప్పుడు మెయ్‌కి చెమట పట్టింది. జ్వరం దిగింది. పిల్ల కళ్ళు తెరిచింది.

"అమ్మా, ఒక కాలికి చలేస్తోంది."

చూస్తే కుడికాలికి బూటు లేదు.

"అమ్మమ్మేదీ?" అంది పిల్ల.

అప్పుడు తిరిగింది లియన్. వంతెన మీద ఎవరూ లేరు. వెనక్కి వెళ్దామా అంటే దాటిన వంతెన. వెళ్ళకుండా ఉందామా అంటే అటుపక్క అమ్మ. మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయింది, తీసేసింది. నిలబడి ఏడ్చింది.

అప్పుడు ఛెన్ అత్త పడవ వచ్చింది. "పైనుంచి వెళ్ళకూడదు గానీ, కిందనుంచి వెళ్ళొచ్చుగా. ఎక్కండి."

వంతెన కింద చీకటి దాటి వెళ్ళారు. రెండో వంతెన మొదట్లో, గట్టు మీద, రాతి సింహానికి ఆనుకుని కూర్చుని ఉంది ముసలమ్మ. పాచి మెట్టు మీద జారిపడ్డట్టుంది, నుదుటి మీద దెబ్బ. ఒళ్ళో పులిబూటు. అది తడవకుండా రెండు చేతులూ మూతపెట్టినట్టు పెట్టుకుంది. బూటు పొడిగానే ఉంది. చేతులు చల్లబడిపోయాయి.

ఊఁ అనవేం చిట్టీ?

"ఆవిడ నిద్రపోయిందా అమ్మమ్మా?"

లేదమ్మా. చచ్చిపోయింది.

లియన్ ఆ చేతులు పట్టుకుని, "వెనక్కి చూడొద్దన్నావు కదత్తా," అంది.

ఛెన్ అత్త తెడ్డు పక్కన పెట్టింది. ఆ తర్వాత మెల్లగా అంది. "ఎక్కొద్దన్నాను. చూడొద్దని ఎప్పుడన్నాను తల్లీ?"

లియన్ మళ్ళీ ఏ వంతెనా ఎక్కలేదు. కొండలకీ వెళ్ళలేదు. అమ్మని ఆ ఊళ్ళోనే మట్టిలో పెట్టింది. గట్టునే ఒక గది తీసుకుని, ఊరి పిల్లలకి పులిబూట్లు కుట్టింది. ఒక్కో బూటుకి చీలమండ దగ్గర గట్టి తాడు పెట్టేది. జారిపోకుండా.

మెయ్ పెద్దదై పడవ నడిపింది. జబ్బు పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులకి దారి చూపించేది. "దాటిన వంతెన ఎక్కకండి. కానీ పైకి చేరాక ఆగండి. వెనక్కి చూడండి. వెనకున్నవాళ్ళు వస్తున్నారని చూసుకుని, అప్పుడు దిగండి."

ఇప్పటికీ ఆ ఊళ్ళో వాన పడుతున్నా సరే, ప్రతి వంతెన మీదా జనం ఒక్క క్షణం ఆగి వెనక్కి చూస్తారట.

ఇంక పడుకో. దుప్పట్లోంచి కాళ్ళు బయటపెట్టకు.

పడవెక్కి కథ పోయె కంచికి,
చెయ్యి పట్టుకు మనం ఇంటికి.
ఆగి ఆగి అమ్మమ్మ వస్తుంది,
తిరిగి చూస్తే చాలు, నవ్వుతుంది.