మేకలు ముట్టని తీగ: పందిళ్లమిట్ట జాజులమ్మవారి మహిమ

పందిళ్లమిట్ట జాజులమ్మవారికి గోపురం లేదు, గర్భగుడికి కప్పు లేదు. ఆరు రాతి కూసాల మీద అల్లుకున్న సన్నజాజి పందిరే అమ్మవారి గుడి. భక్తులు రెండుసార్లు స్లాబు వేయించబోయారు, రెండుసార్లూ అమ్మవారు ఒప్పుకోలేదు. ఇంటి ముందు పూలతీగ పెట్టుకోదలచినవారు ముందుగా ఇక్కడికి వచ్చి, ఏ తీగ పెట్టాలో అడిగి వెళ్లడం ఆచారం. ఇంత చిన్న సంగతికి దేవతను అడగాలా అని నవ్వేవారు ఈ కథ చదివాక నవ్వరు.

పూర్వం ఇక్కడ పెంచలయ్య అనే మేకల కాపరి, అతని భార్య చెంగమ్మ కాపురం ఉండేవారు. ముగ్గురు బిడ్డలు పురిటిలోనే పోగా, నాలుగో కాన్పులో ఒక ఆడపిల్ల దక్కింది. పది నెలల ఆ పిల్ల అప్పుడప్పుడే పాకుతూ, చేతికందినదల్లా నోట్లో పెట్టుకునేది. ఎండకు వాకిలి కాలిపోతోందని, బిడ్డ ఆడుకోవడానికి పూలపందిరి వేయమని చెంగమ్మ భర్తను అడిగింది. జాజి పెడితే మేకలు మేసేశాయి. మాలతి పెడితే మొదలంటా కొరికేశాయి.

ఒకరోజు పెంచలయ్య కోనలో ఒక తీగను చూశాడు. దాని ఆకుల కొసలే మెలితిరిగి పొదను పట్టుకుని ఎగబాకుతున్నాయి. పువ్వులు కింద పసుపు, పైన ఎరుపు, పొయ్యిలో మంటలాగా ఉన్నాయి. మంద మొత్తం పక్కనుంచే వెళ్లినా ఒక్క మేకా మూతి పెట్టలేదు. ఇంతకంటే మంచి తీగ దొరకదని మురిసిపోయి, దుంపతో సహా తవ్వి తెచ్చి వాకిట్లో పాతాడు. అది అడవినాభి, నిలువెల్లా విషం. మేకలు తినవన్న సంతోషమే గాని, ఎందుకు తినవన్న ఆలోచన ఆ మహానుభావుడికి రాలేదు.

చెంగమ్మకు మాత్రం మనసు కుదుటపడలేదు. "మేక ముట్టలేదంటే ఏదో ఉండే ఉంటాది మామా, పెరికెయ్" అన్నది. అతడు నవ్వి ఊరుకున్నాడు. పందిరి నిండా పూలు విచ్చాక ఆమె కూడా మెత్తబడింది.

వానలకు మట్టి కరిగి దుంప బయటపడింది. ఒక మధ్యాహ్నం చెంగమ్మ నీళ్లు తెచ్చుకుని వచ్చేసరికి, ఇంట్లో గంజి తాగి పెరిగిన, కొండ ముఖం ఎరుగని మేకపిల్ల నురగలు కక్కుతూ పందిరి కింద పడి ఉంది. పక్కనే బిడ్డ కూర్చుని ఉంది. పిడికిలి విప్పి చూస్తే దుంప ముక్క, దాని మీద పళ్ల గాట్లు. అవి మేకపిల్లవో, కొత్తగా మొలిచిన బిడ్డ రెండు పళ్లవో తెలియలేదు.

"ఎర్రంగా బాగుండాదని తెచ్చినానే, నాకేం తెలుసు" అంటూ, ఆమె కేక విని వచ్చిన పెంచలయ్య వైద్యుడి కోసం పొరుగూరికి పరుగెత్తాడు. చెంగమ్మ బిడ్డ నోరు కడిగి ఒళ్లో వేసుకుని కూర్చుంది. బిడ్డ ఆవలిస్తే ఆమెకు గుండె జారింది. కళ్లు మూస్తే తట్టి లేపింది, ఏడిస్తే ఊరట పడింది. మేకపిల్ల కాళ్లు కొట్టుకోవడం ఆగిపోయింది. పొద్దు వాలుతున్నా ఎవరూ రాలేదు. ఎంత ఆపుకున్నా ఒక్క క్షణం ఆమె కన్ను మూతపడింది.

కలలో పసుపు చీర కట్టిన ముత్తైదువ ఎదుట నిలిచింది. "నాకు కాపలా ఉన్న తీగను పెరికి తెచ్చుకున్నారు, నన్ను గుంటలోనే వదిలేశారు. బిడ్డ బతుకుతుంది. మీ భయం చల్లారకముందే వచ్చి నన్ను తీసుకుపోండి" అని పలికింది. చెంగమ్మ ఉలిక్కిపడి లేచేసరికి బిడ్డ ఆకలితో కొంగు లాగుతోంది.

వైద్యుడు వచ్చి, మరునాటి దాకా బిడ్డను కనిపెట్టి ఉండి, గండం గడిచిందన్నాడు. ఆ వెంటనే దంపతులు కోనకు వెళ్లి దుంప తీసిన గుంటను తవ్వగా అమ్మవారి శిలారూపం బయటపడింది. పాత తీగను దుంపతో సహా కాల్చి, అదే వాకిట్లో అమ్మవారిని నిలిపి, ముళ్లకంప కట్టి జాజి పందిరి వేశారు.

నేటికీ ఆ పిల్ల వంశపు ఆడవారే ఇక్కడ పూజ చేస్తారు. తీగ కోసం వచ్చినవారిని పువ్వు రంగు అడగరు. ఇంట్లో పాకే బిడ్డ ఉందా, పక్కింట్లో ఉందా అని అడుగుతారు. ఉందంటే జాజి అంటు చేతిలో పెడతారు, లేదంటే రాధామనోహరానికో శంఖుపూలకో సెలవిస్తారు. పేరు, గుణం తెలియని తీగకు మాత్రం ఎంత బతిమాలినా సెలవు దొరకదు. ఇక్కడికి వచ్చే తల్లులు భయం పోగొట్టమని మొక్కుకోరు. భయం వేళకు రావాలని, వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ దాన్ని నవ్వి తోసెయ్యకూడదని మొక్కుకుంటారు.