చెరుకు కట్టిన ముడుపు

ఒకప్పుడు చెరుకుకు కణుపులు ఉండేవి కావు. పిప్పీ ఉండేది కాదు. దాని కాండం గొట్టంలా బోలుగా ఉండి, మొదలు నుంచి కొసదాకా రసంతో నిండి ఉండేది. పక్కన చిన్న తూటు పొడిస్తే చాలు, ధార నోట్లో పడేది. కొరికే పని లేదు, నమిలే పని లేదు. మింగడమే.

నల్లమల కొండల్లో, ఒక సెలయేటి మలుపు దగ్గర అలాంటి చెరుకు ఒకటి ఉండేది. ఎవరినైనా కాదనడం దానికి తెలియదు. దప్పికతో వచ్చినవారికీ ఇచ్చేది, ఊరికే వచ్చినవారికీ ఇచ్చేది. ఇవ్వడంలో తప్పేముంటుంది అనుకునేది.

ఆ సెలయేటి పక్క గుహలో కాటమ్మ అనే ఎలుగుబంటి కాపురం ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు. పేరు మొగిలి.

ఒకనాడు మొగిలి వెలగపండు తింటూ పులుపుకు మొహం చిట్లించింది. తల్లి ప్రాణం విలవిలలాడింది.

"అయ్యో నా తల్లీ, పుల్లగా ఉందా? ఉండు, ఇప్పుడే వస్తాను" అని ఆ గుజ్జును చెరుకు రసంలో ముంచి తెచ్చింది.

మొగిలి చప్పరించి, "ఇంకా పెట్టమ్మా!" అంది.

మరునాడు మేడిపండును ముంచింది. ఆ మరునాడు ఇప్పపూలను ముంచింది. చివరికి పుట్ట తవ్వి తెచ్చిన చెదపురుగులను కూడా రసంలో నానబెట్టి పెట్టసాగింది. కొమ్మ మీద కూర్చున్న కొండముచ్చు అది చూసి పడీపడీ నవ్వింది.

"ఏం వదినా, సెలయేటిని కూడా ఎత్తుకెళ్లి రసంలో ముంచుతావా ఏమిటి?"

"పిల్లల్ని పెంచడం నీకేం తెలుసు మరిదీ! నీ పిల్లలు కొమ్మలు పట్టుకుని వేలాడుతూ పెరుగుతారు. నా పిల్లకు ఆ కర్మేమిటి?"

అలా కొన్ని నెలలు గడిచాయి. నేరేడు పండ్ల కాలం వచ్చింది. కాటమ్మ కొండంతా తిరిగి బాగా మాగిన పండ్లను ఏరి తెచ్చింది. ఆ రోజు రసంలో ముంచే తీరిక లేక అలాగే కూతురి ముందు పెట్టింది.

మొగిలి ఒక పండు నోట్లో వేసుకుని, వెంటనే ఉమ్మేసింది.

"ఇదేమిటమ్మా, మట్టిలా ఉంది!"

కాటమ్మ ఉలిక్కిపడింది. వాటిలోదే ఒక పండు తాను తిని చూసింది. తియ్యగా, కొంచెం వగరుగా, తన చిన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. పండు చెడలేదు. మరి చెడినదేమిటి?

అప్పుడు బిడ్డను తేరిపార చూసింది. మొగిలి దవడ పన్ను నల్లబడి పుచ్చిపోయింది. పది అడుగులు వేస్తే పిల్ల కూలబడుతోంది. ఎంత తాగినా దాహం అంటోంది. అరికాలిలో ఏనాడో ముల్లు గుచ్చుకున్న చోట పుండు ఇంకా పచ్చిగానే ఉంది. ఇన్నాళ్లూ ఇవన్నీ కళ్ల ముందే ఉన్నాయి, ఆమె చూడనే లేదు.

మరునాటి ఉదయం గుహ ముందు చీమల బారు కనిపించింది. రసం ఎక్కడో ఒలికిందనుకుని కాటమ్మ బారు వెంట నడిచింది. ఆ బారు పొద చాటుకు వెళ్లి ఆగింది. అది మొగిలి పొద్దున్నే మూత్రం పోసిన చోటు.

"ఛీ ఛీ! ఇక్కడేం పని మీకు? సిగ్గులేదూ!" అని కాటమ్మ కసిరింది.

ముందు నడుస్తున్న ముసలి చీమ తల ఎత్తింది.

"చెరుకు దగ్గరికి వెళ్తున్నామనే అనుకున్నామమ్మా. వాసన అదే. రుచీ అదే. తీరా చూస్తే నీ బిడ్డ పోసిన చోటు! ఇంత వయసొచ్చింది, ఇలాంటిది నేనెన్నడూ చూడలేదు. ఆ పసిదాని ఒంట్లో తీపి పట్టడం లేదు తల్లీ, పొర్లిపోతోంది. ఇలాగే సాగితే పిల్ల దక్కదు."

కాటమ్మకు కాళ్ల కింద కొండ కదిలినట్టయింది. పరుగు పరుగున చెరుకు దగ్గరికి వెళ్లింది. ముసలి చీమ ఆమె బొచ్చు పట్టుకుని వెంట వచ్చింది.

"నా బిడ్డకు ఏం పోశావే చెల్లీ?"

"నువ్వు అడిగిందే పోశానక్కా! ఏమైంది?"

జరిగింది విని చెరుకు ఆకులన్నీ ఒక్కసారి వాలిపోయాయి.

"నేనా? నేను చేశానా ఇది? నాలో ఉన్నది విషమా?"

"విషం కాదమ్మా, మేమూ తింటాం" అంది చీమ. "కానీ ఒక్క చుక్క కోసం రోజంతా నడిచి వచ్చి తింటాం. ఆ పిల్ల నడవలేదు, తవ్వలేదు, నమలలేదు. తల్లి ముంచింది, నువ్వు పోశావు, అది మింగింది."

ఇద్దరూ తలలు దించుకున్నారు.

ఆ కొండల్లో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డకు ప్రాణం మీదికి వస్తే, తమకున్న వాటిలో అన్నిటికంటే ఇష్టమైనదాన్ని మూటగట్టి, కొండతల్లికి మొక్కుకుని ముడి వేస్తారు. అదే ముడుపు. మొక్కు తీరేదాకా ఆ ముడి విప్పకూడదు.

"నేను ముడుపు కడతానక్కా" అంది చెరుకు.

"నీ దగ్గర ఏముందే మూటగట్టడానికి?"

"తీపి ఉంది. నాకున్నది అదొక్కటే."

చెరుకు తన ఒంటిలోంచే పోగులు తీసింది. ఒక్కో చుక్కను ఒక్కో పోగులో చుట్టింది. జానకొక చోట బిగించి ముడి వేసింది. పైన గట్టి తోలు కప్పుకుంది. సాయంత్రానికి ఎక్కడ పొడిచినా దానినుంచి ధార రావడం ఆగిపోయింది.

మొగిలి కుంటుకుంటూ వచ్చింది. "పిన్నీ, ఒక్క గుక్క! తల పగిలిపోతోంది పిన్నీ, ఒక్కటే!" అని కాండాన్ని కావలించుకుని ఏడ్చింది.

"ఇంత పిసినారివని తెలియదు సుమా!" అని కొండముచ్చు కొమ్మ మీదినుంచి దెప్పింది.

చెరుకు మొదలంటా వణికింది. ఒక ముడి కొంచెం సడలింది కూడా. అతికష్టం మీద దాన్ని మళ్లీ బిగించింది. కాదనడం ఎంత కష్టమో దానికి ఆ రోజే తెలిసింది.

మొగిలి రెండు రోజులు ఏమీ ముట్టలేదు. మూడో రోజు ఆకలికి తాళలేక నేరేడు పండు నమిలింది, ఏడుస్తూనే. తరువాత తల్లి వెంట వెళ్లి తన గోళ్లతో తానే పుట్ట తవ్వింది. దాహమైతే సెలయేటి నీళ్లు తాగింది. నేరేళ్లు పోయి, సీతాఫలాలు పోయి, రేగుపండ్లు వచ్చేసరికి కాలి పుండు మానింది. పుచ్చి ఊడిన పన్ను మాత్రం మళ్లీ రాలేదు. ఒక ఉదయం పిల్ల రేగుపండు నములుతూ నములుతూ ఆగి, కళ్లు పెద్దవి చేసుకుంది.

"అమ్మా! ఇందులో తీపి ఉంది! నువ్వు ముంచావా?"

"లేదు తల్లీ. ఎప్పుడూ ఉన్నదే" అని కాటమ్మ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

ఆ రోజే చెరుకు దగ్గరికి వెళ్లింది. "మొక్కు తీరింది చెల్లీ. ఇక ముడుపు విప్పు. అడవంతా అడుగుతోంది."

చెరుకు విప్పబోయింది. అంతలో అవతలి గట్టునుంచి సన్నని కూతలు వినిపించాయి.

"ఏమిటక్కా ఆ చప్పుడు?"

"నక్క ఈనింది. నాలుగు పిల్లలు. ఇంకా కళ్లు తెరవలేదు."

చెరుకు ఆగిపోయింది. నెమ్మదిగా అంది: "అయితే నా మొక్కు తీరలేదక్కా. వాళ్లూ పెరగాలి కదా. కావలసినవాళ్లను రమ్మను, కాదనను. కొరుక్కోమను, నమలమను. ముడి మాత్రం విప్పను."

అప్పటినుంచే చెరుకుకు జానకొక కణుపు, ఒళ్లంతా పీచు, పైన గట్టి తోలు. దాన్ని చీల్చుకుని నమిలేవారికి తీపి చుక్కచుక్కగానే దొరుకుతుంది. కడుపు చాలనే లోపే దవడ చాలంటుంది. లోకంలో ఎక్కడో ఒకచోట రోజూ ఒక పిల్ల కళ్లు తెరుస్తూనే ఉంది. చెరుకు తనంతట తాను ఒక్క ముడి కూడా ఇప్పటికీ విప్పలేదు.