ఏ పొడితో పడుకోను?

ఆ దేశంలో రాజు కావడానికి వంశం అక్కర్లేదు. గద ఎత్తగలిగితే చాలు.

ఏటా పట్టాభిషేకం నాడు రాజు సభ మధ్యకు వచ్చి, రాతి గద్దె మీద ఉన్న కంచు గదను తలపైకి ఎత్తాలి. ఎత్తగానే శంఖం ఊదుతారు. శంఖం మోగితే ఇంకో ఏడాది ఆయనే రాజు. ఎత్తలేకపోతే సభలో ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి ఎత్తవచ్చు, ఎత్తినవాడి పేర శంఖం మోగుతుంది. ఆ గద చేయించినవాళ్ళు ఎప్పుడో పోయారు. ఎందుకు చేయించారని అడిగినవాళ్ళు పుట్టలేదు.

అప్పటి రాజు చాలా ఏళ్ళపాటు దాన్ని నీళ్ళచెంబు ఎత్తినట్టు ఎత్తాడు. ఒక ఏడు మాత్రం గద తలదాకా వెళ్ళేసరికి ఆయన మోకాళ్ళు వణికాయి. సభలో ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం చూసే ఆయనకు భయం వేసింది.

మర్నాటి నుంచి సాము మొదలుపెట్టాడు. దండీలు తీశాడు, బస్కీలు తీశాడు, ఇసుకబస్తాలు భుజాన వేసుకుని మేడమెట్లు ఎక్కి దిగాడు. తీర్పులు చెప్పేటప్పుడు కూడా రెండు చేతుల్లో రెండు రాతిగుండ్లు పట్టుకుని పైకీ కిందికీ ఆడించేవాడు. ఎదురుగా నిలబడ్డ నేరస్థుడికి తనకు శిక్ష పడిందో, తన మీద గుండు పడబోతోందో తెలిసేది కాదు. రాజు నిద్ర కూడా మానేశాడు. తను కళ్ళు మూసినంతసేపూ గద బరువు పెంచుకుంటోందని ఆయన అనుమానం.

కొంతకాలానికి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేని స్థితి వచ్చింది. రాణి తినిపించబోతే, నమలడానికి దవడలు కూడా నొప్పి పుడుతున్నాయన్నాడు. వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన రాజు చేతులు నొక్కి చూసి, బరువెత్తినప్పుడు కండ పెరగదనీ చిరుగుతుందనీ, తిని పడుకున్నప్పుడు అతుక్కుంటుందనీ, అతుక్కున్నచోట కాస్త లావెక్కుతుందనీ చెప్పాడు. ప్రభువులవారు చింపుతున్నారు గానీ కుట్టడం లేదన్నాడు.

"పడుకునే తీరిక రాజుకెక్కడిది? పడకకు బదులు పుచ్చుకునేది ఏదైనా ఉంటే చెప్పు" అన్నాడు రాజు.

తనకు తెలిసి అలాంటిది లేదన్నాడు వైద్యుడు. తెలిసినవాళ్ళ కోసం ఊరూరా దండోరా వేయించారు.

దండోరా విని ముగ్గురు వర్తకులు వచ్చారు. మొదటివాడి దగ్గర ఎర్రడబ్బా ఉంది. పాలు విరగ్గొట్టి, తేట ఎండబెట్టి చేసిన పొడి. దానికి మామిడిపండు వాసన. అందులో మామిడిపండు ఉందా అని మంత్రి అడిగితే, మామిడిపండు తప్ప అన్నీ ఉన్నాయన్నాడు. రెండోవాడిది పచ్చడబ్బా. ఉప్పులాంటి తెల్లపొడి. కండలోకి నీళ్ళు లాగి, చేతులెత్తేసే వేళకు ఇంకో దమ్ము ఇస్తుందట. మూడోవాడిది నల్లడబ్బా. దాని మీద మెడ లేని మనిషి బొమ్మ ఉంది. లోపలేముందో వాడు చెప్పలేదు. చెబితే దాని బలం దిగిపోతుందట.

ఒక్కటే ఎంచుకోవాలని రాజు అనుకున్నాడు. తప్పుది ఎంచుకుంటే సింహాసనం పోతుంది. విషమైతే ప్రాణమే పోతుంది. ముందు ఇంకొకరి మీద పరీక్షించి చూద్దామన్నాడు మంత్రి. ఒడ్డూ పొడుగూ రాజుకు సరిసమానంగా ఉన్న మనిషి కావాలి. అలాంటివాడు రాజు వెనకే ఉన్నాడు. ఆయనకు ఎండ తగలకుండా గొడుగు పట్టే పోలినాయుడు.

సంగతంతా విని పోలినాయుడు ఒక్క మాటే అడిగాడు. "మరి గొడుగెవరు పడతారు బాబూ?"

అది తర్వాత చూసుకోవచ్చన్నారు.

ఒక మనిషి, మూడు పొడులు. దీనికి మంత్రి ఒక ఉపాయం ఆలోచించాడు. పోలినాయుడు కుడిపక్కకు ఒరిగి ఎర్రపొడి తాగాలి, అది కుడిచేతిలోకి పోతుంది. ఎడమపక్కకు ఒరిగి పచ్చడబ్బా పొడి తాగాలి, అది ఎడమచేతిలోకి పోతుంది. నల్లపొడి నిలబడి తాగాలి, తిన్నగా కాళ్ళలోకి దిగుతుంది. సభలో అందరూ మెచ్చుకున్నారు. వైద్యుడు తన సంచీ సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

వర్తకులు కూడా కొన్ని షరతులు పెట్టారు. తన పొడి పనిచేయాలంటే మనిషి కోడిగుడ్లూ పప్పూ కడుపునిండా తినాలన్నాడు ఎర్రడబ్బావాడు. కుండెడు నీళ్ళు తాగాలన్నాడు పచ్చడబ్బావాడు. మనిషి రాత్రి సరిగా పడుకోవాలనీ, మధ్యాహ్నం కూడా ఒక కునుకు తీయాలనీ, తన పొడి నిద్రలోనే పనిచేస్తుందనీ నల్లడబ్బావాడు అన్నాడు. ఒకడి షరతుకు ఇంకొకడు అడ్డు చెప్పలేదు. పరీక్ష మొదలైంది.

ఉదయం రాజూ పోలినాయుడూ పక్కపక్కనే బస్తాలు మోసేవారు. ఆ తర్వాత పోలినాయుడు తినేవాడు, మూడు భంగిమల్లో మూడు పొడులు తాగేవాడు, పెరట్లో మంచం వాల్చుకుని పడుకునేవాడు. రాజు మాత్రం ఏదీ పుచ్చుకోలేదు. ఏది మంచిదో ఇంకా తేలలేదు కదా. ఆయన మళ్ళీ బస్తాలు ఎత్తుకునేవాడు.

ఒక మధ్యాహ్నం పోలినాయుడి ముఖం మీద ఈగ వాలింది. నిద్ర చెడితే పరీక్ష చెడుతుందని రాజుకు కంగారు పుట్టింది. మంచం పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాడు. మర్నాడు ఎండ మంచం మీదికి జరిగింది. సేవకుల్ని పిలిస్తే అలికిడవుతుందని రాజు తనే గొడుగు తెచ్చి పట్టుకున్నాడు. అప్పటినుంచి అది ఆయన దినచర్యలో చేరింది. చేతిలో ఉన్నది విసనకర్రయినా గుండులాగే పైకీ కిందికీ ఆడించేవాడు. వ్యాయామం కలిసివస్తుందని.

రాణి వచ్చి చూసింది. భర్త మెడ నరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి, కళ్ళు లోపలికి పోయాయి. పక్కన ఇంకో మంచం వేయించింది.

"మీరు కూడా కాసేపు పడుకోండి" అంది.

"ఏ పొడితో పడుకోను?" అన్నాడు రాజు.

రాణి సేవకుల వైపు తిరిగింది. మంచం అక్కడే ఉంచమని వెళ్ళిపోయింది. రాజు దాని మీద ఇసుకబస్తాలు పెట్టుకున్నాడు.

పోలినాయుడు మాత్రం కళ్ళెదుటే పెరిగాడు. చొక్కా భుజాల దగ్గర చిట్లింది. మంత్రి నూలుదారం తెచ్చి కొలిపించాడు. కుడిచేయి, ఎడమచేయి, కాళ్ళు అన్నీ ఒకే తీరున లావయ్యాయి. వర్తకులు ఒప్పుకోలేదు. ఎర్రపొడి కుడిచేతి నుంచి పొంగి ఎడమచేతిలోకి పొర్లిందన్నాడు మొదటివాడు. అసలు పొర్లించిందే నా పొడి లాగిన నీళ్ళు అన్నాడు రెండోవాడు. మూడోవాడు కాళ్ళ వంక చూపించి, ఈ రెండు చేతుల్నీ మోస్తున్నదెవరని అడిగాడు. మంత్రి చాలాసేపు ఆలోచించి, పరీక్ష ఇంకా తేలలేదని ప్రకటించాడు.

తేలకుండానే పట్టాభిషేకం రోజు వచ్చింది.

సభ నిండిపోయింది. రాజు మంత్రిని పక్కకు పిలిచి, ఏ డబ్బా అని అడిగాడు. మంత్రి మూడు డబ్బాలూ తెచ్చి ముందు పెట్టాడు. రాజు ఇక ఆగలేదు. మూడు డబ్బాలూ ఒకే బిందెలో గుమ్మరించి, నీళ్ళు పోసి, కలిపి తాగేశాడు. కాసేపటికి ఆయన కడుపులోంచి ఒక పెద్ద ధ్వని బయలుదేరింది. శంఖం ఊదేవాడు అది తన శంఖమే అనుకుని ఉలిక్కిపడి చేతిలోకి చూసుకున్నాడు.

రాజు గద్దె దగ్గరకు నడిచాడు. గద పిడి పట్టుకుని లాగాడు. గద పైకి లేవలేదు గానీ రాయి మీద కొంచెం జరిగింది. మళ్ళీ లాగాడు. ఇంకొంచెం జరిగి, అంచుకు వచ్చి ఆగింది. ఊపిరి తీసుకుందామని రాజు గద్దెకు ఆనుకుని కింద కూర్చున్నాడు. రాయి చల్లగా ఉంది. ఆయన కళ్ళు మూతపడ్డాయి. అంతే, మళ్ళీ తెరుచుకోలేదు. తల వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. రాజ్యం పోయే వేళ రాజు నిద్రపోతున్నాడు.

సభికులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అంచున ఉన్న గద మెల్లగా ఒరగడం ముందు రాణి చూసింది. దాని తల సరిగ్గా రాజు తల మీదికి వాలుతోంది. ఆమె లేచి నిలబడింది. పోలినాయుడు మాత్రం అప్పటికే పరుగెత్తాడు. పడుతున్న గదను రెండు చేతులా అందుకున్నాడు. కింద రాజు కాళ్ళు చాపుకుని ఉన్నాడు, పక్కకు దించడానికి చోటు లేదు. అందుకని పైకి ఎత్తాడు. గద అతని తలపైన నిటారుగా నిలిచింది.

వర్తకులు ముగ్గురూ ఒక్కసారి లేచి నా పొడి, నా పొడి అనబోయారు. పోలినాయుడు వాళ్ళ వంక చూశాడు. ఆ చూపుకు ముగ్గురూ కూర్చున్నారు.

శంఖం ఊదేవాడు శంఖం పెదవులకు ఆనించాడు. పోలినాయుడు తల అడ్డంగా ఊపాడు.

మంత్రి మునివేళ్ళ మీద నడిచి వచ్చి, అతని చెవి దగ్గర గుసగుసలాడాడు. "ఊదనీయవయ్యా. అది మోగితే నువ్వే రాజువి."

"మోగితే ఆయన లేస్తారు బాబూ" అన్నాడు పోలినాయుడు.

పోనీ గదనైనా దించమన్నాడు మంత్రి. పోలినాయుడు కిందికి చూశాడు. గద్దె రాయి, నేలంతా రాతిపలక. కంచు తగిలితే ఊరంతా వినబడుతుంది. అతను భుజాలు సర్దుకుని, కాళ్ళు ఇంకాస్త ఎడంగా వేసి నిలబడ్డాడు.

రాణి తన కాలి అందెలు విప్పి కొంగున కట్టుకుంది. అది చూసి సభికులు చెప్పులు విడిచి చేత పట్టుకున్నారు. బయట ఏనుగు మెడలోని గంటకు ఎవరో గుడ్డ చుట్టారు. వీధిలో చింతపండు అమ్ముకునే ఆవిడ కేక సగంలో మింగేసింది. ఆ పూట దేశానికి రాజు ఎవరన్నది ఎవరూ అడగలేదు.

రాజు పక్కకు ఒత్తిగిలి గురక పెట్టాడు. గద పైనే ఉంది.