గుబురమ్మ పెంచిన గుప్పెడు

అనగనగా ఒక అడవిలో, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర నుంచి "చిరంజీవ" అని వినిపించేంత చిన్న అడవిలో, గుబురమ్మ అనే ఎలుగుబంటి ఉండేది.

గుబురమ్మకు ఒక పెంపుడు కుందేలు ఉండేది. తల్లి లేని పిల్లగా పొదలో దొరికినప్పుడు అది సరిగ్గా ఆమె గుప్పెట్లో పట్టింది. అందుకే దానికి గుప్పెడు అని పేరు పెట్టింది. తర్వాత అది ఎంత తిన్నా, ఎంత పెరిగినా, పేరు మాత్రం గుప్పెడే.

ఆ అడవి మధ్యలో ఒక వాగు. ఎండాకాలం వస్తే దానిలో నీళ్లు ఉండవు, అంతా ఇసుకే. అప్పుడు జంతువులన్నీ వాగులోకి దిగి చెలమలు తవ్వుకునేవి. గోళ్లతో ఇసుక తోడేకొద్దీ ఆ గుంటల్లో చల్లటి నీళ్లు ఊరేవి.

కానీ ఆ వాగుకు ఒక పాడు బుద్ధి ఉంది పిల్లలూ. పైన ఎక్కడో కొండల్లో వాన పడితే చాలు, ఇక్కడ మబ్బు తునక కూడా లేకుండానే కొత్త నీరు విరుచుకుపడేది. ఎర్రగా, కొమ్మల్ని దొర్లించుకుంటూ, బుసలు కొడుతూ!

మరి లోపల తల వంచి నీళ్లు తాగుతున్నవాళ్లకు ఎవరు చెప్పాలి? గుబురమ్మ ముక్కు, గుప్పెడు కాళ్లు కలిసి చెప్పేవి!

కొత్త నీటి వాసన గుబురమ్మకు చాలా దూరం నుంచే తగిలేది. "గుప్పెడూ! కొత్త నీరు!" అని అరిచేది. అంతే! గుప్పెడు ఒక్క గంతులో ఒడ్డు మీది బోలుబండ ఎక్కేది. ఆ బండ కింద అంతా ఖాళీ. కాలు వేస్తే డప్పులా మోగుతుంది. గుప్పెడు వెనక కాళ్లు ఎత్తి కొట్టేది.

ధబధబ... ధబ్!

ధబధబ... ధబ్!

ఇక చూడాలి ఆ పరుగులు! జింకలు ఎగిరేవి, కోతులు దూకేవి, పిల్లుల్ని ఎలుకలు తోసుకుంటూ వెళ్లేవి. అందరూ ఒడ్డెక్కేసరికి వెనకాలే నీళ్లు బుస్సుమని వచ్చేవి. అందరికంటే చివర ముళ్లపంది సూదయ్య రొప్పుతూ ఎక్కేవాడు.

"వదినా, నీ కుందేలు కాస్త ముందు చెప్పకూడదూ? తాగిన నీళ్లు ఇంకా గొంతులోనే ఉన్నాయి!" అనేవాడు.

"తాగింది చాల్లే మరిదీ. నీ పొట్ట చూస్తే వాగులో సగం అందులోనే ఉన్నట్టుంది!" అనేది గుబురమ్మ.

గుప్పెడు మాత్రం ఒక చెవి మడుచుకుని, ఏమీ ఎరగనట్టు గడ్డి నములుతూ కూర్చునేది.

ఒక సాయంత్రం అలాగే గడ్డి తిన్నది. రోజూలాగే గుబురమ్మ పొట్ట మీదికి ఎక్కి, ఆడుకుంటూ ధబధబ ధబ్ అని కొట్టి, అక్కడే పడుకుంది. తెల్లారి లేవలేదు.

ఎందుకని అడగకండి. జబ్బు లేదు, దెబ్బ లేదు. గుబురమ్మ కదిపింది. పిలిచింది. ముక్కుతో నెట్టింది. ఆ చిన్న గుండె ఆగిపోయింది.

అడవి అంతా వచ్చి ఏడ్చింది. గుబురమ్మ మాత్రం ఏడవలేదు. ఆమెకు ఒకటే భయం పట్టుకుంది. "నేను దీన్ని మర్చిపోతానేమో! మర్చిపోతే ఇక ఎక్కడా ఉండదు కదా!"

అందుకని గుప్పెడును దాచుకోవాలనుకుంది.

మొదట వాగు ఒడ్డున బురదలో గుప్పెడు పాదం అచ్చు కనబడింది. దాని మీద ఆకులు కప్పి కాపలా కూర్చుంది. ఎండకు బురద పగిలి అచ్చు చెదిరిపోయింది.

తర్వాత గుప్పెడు పడుకునే గడ్డిని రాతి సందులో కుక్కింది. రోజూ తీసి వాసన చూసుకునేది. కొన్నాళ్లకు అది వట్టి గడ్డి వాసనే వచ్చింది.

ఇక మిగిలింది బోలుబండ. గుబురమ్మ రేగు కంప నరికి తెచ్చి ఆ బండ చుట్టూ గట్టిగా కంచె వేసింది. "దీని మీద గుప్పెడు చప్పుడు ఉంది. ఇంకొకరు కాలు పెడితే చెరిగిపోతుంది. ఎవరూ రావద్దు!" అంది.

ఉడుత చారలమ్మ తోక ఊపుకుంటూ వచ్చింది. "అక్కా, నువ్వు వాసన చూసి చెప్పు. బండ నేను కొడతాను. ఎండలు ముదిరాయి, అందరం చెలమల్లోకి దిగుతున్నాం కదా."

"నువ్వా? నీ తోక బరువు నువ్వు మోసుకో చాలు! పో అవతలికి!" అని గుబురమ్మ కసిరింది.

"మా ప్రాణాల సంగతేమిటి వదినా?" అని సూదయ్య అడిగాడు.

"నా ప్రాణమే పోయింది. మీ సంగతి నాకెందుకు?"

ఆ మాటతో అందరూ గుబురమ్మ ఇంటివైపు రావడం మానేశారు. ఆమె ఒంటరిగా కళ్లు మూసుకుని గుప్పెడును తలుచుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి అనుమానం వచ్చింది. గుప్పెడు మడుచుకునేది ఏ చెవి? ఎడమదా? కుడిదా? ఒకసారి ఎడమ చెవి గుర్తొచ్చేది, ఇంకోసారి కుడి. "అయ్యో, అప్పుడే మర్చిపోతున్నాను!" అనుకుంది.

ఇప్పుడు వినండి. అసలు కథ ఇక్కడే ఉంది!

మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. వాగు నిండా జంతువులు. ఎవరి చెలమలో వాళ్లు తల పెట్టి తాగుతున్నారు. ఒడ్డు మీద కూర్చున్న గుబురమ్మ ముక్కు అదిరింది. తడిసిన మట్టి, కుళ్లిన ఆకు. కొత్త నీరు!

"గుప్పెడూ!" అని అరిచింది.

అరిచాక గుర్తొచ్చింది.

"పైకి రండి! నీళ్లొస్తున్నాయి!" అని కేకలు పెట్టింది. ఆమెది బొంగురు గొంతు. కిచకిచల్లో, గోలలో ఎవరికీ వినబడలేదు. గుబురమ్మ బోలుబండ వైపు చూసింది. చుట్టూ తాను వేసిన కంచె. నేను కొడితే గుప్పెడు చప్పుడు ఇక ఉండదు. కొట్టకపోతే వీళ్లు ఉండరు!

ఒక్క క్షణమే ఆగింది. తర్వాత రెండు చేతులతో కంప పీకి అవతల పారేసింది. ముళ్లు గుచ్చుకుని రక్తం కారినా ఆగలేదు. బండెక్కి బలంగా తొక్కింది.

ధడేల్!

"ఉరిమినట్టుంది," అంటూ సూదయ్య మళ్లీ చెలమలో తల పెట్టాడు.

ధడ్ ధడ్ ధడ్ ధడ్!

"ఏ చెట్టో కూలినట్టుంది," అంది చారలమ్మ.

అది కాదు! ఎలా కొట్టేది? ముందు రెండా, ఒకటా? ఎక్కడ ఆగేది? గుబురమ్మకు ఏమీ తోచలేదు. దూరంగా వాగు మలుపులో కొమ్మలు విరుగుతున్న చప్పుడు! చెయ్యి పొట్ట మీద వేసుకుని కళ్లు మూసుకుంది. ఈ పొట్ట మీదే కదా అది రోజూ కొట్టి పడుకునేది! అదుగో, పొట్టకు తెలుసు! కాళ్లకు కూడా తెలిసిపోయింది!

ధబధబ... ధబ్!

ధబధబ... ధబ్!

వాగులో ఉన్న తలలన్నీ ఒక్కసారి లేచాయి.

"గుప్పెడు! గుప్పెడు పిలుస్తోంది! పైకి, పైకి!" అని చారలమ్మ కీచుమంది.

జింకలు ఎగిరాయి, కోతులు దూకాయి. పిల్లులు, ఎలుకలు అన్నీ కలిసి ఇసుక చిమ్ముకుంటూ పరుగెత్తాయి! సూదయ్య ఒక్కడూ గుంటలో ఇరుక్కుపోయాడు. చారలమ్మ వెనక్కి ఉరికి అతన్ని తోసింది.

"అబ్బా! ముళ్లు!"

"ఎవరు తొయ్యమన్నారు నిన్ను?"

"నోరు మూసుకుని ఎక్కవయ్యా!"

గుబురమ్మ కొడుతూనే ఉంది. కొడుతూ ఏడుస్తోంది. ఏడుస్తూ నవ్వుతోంది. సూదయ్య తోక ఒడ్డు మీదికి వచ్చిందో లేదో, ఎర్రటి నీళ్లు బుస్సుమంటూ వాగు నిండా వచ్చేశాయి. చెలమలన్నీ మాయం. ఒడ్డు మీద మాత్రం అందరూ ఉన్నారు. ఒక్కరు కూడా తగ్గలేదు!

"వదినా," అన్నాడు సూదయ్య రొప్పుతూ, "నిజంగా మన గుప్పెడే వచ్చిందనుకున్నాను."

గుబురమ్మ బండ మీద కూలబడింది. "నా సంగతి చూసుకుంటూ మీ ప్రాణాల మీదికి తెచ్చాను," అంది. తర్వాత భయం భయంగా అడిగింది. "ఒక్కటి చెప్పండి. దానిది మడత పడేది ఏ చెవి? నేను మర్చిపోయాను."

"ఎడమది!" అంది చారలమ్మ.

"కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు? కుడిది!" అన్నాడు సూదయ్య.

"గడ్డి తినేటప్పుడు ఎడమ చెవి కిందికి వేలాడేది, నేను పక్కనే ఉండి చూశాను!"

"నేను ఒడ్డెక్కేటప్పుడు నన్ను చూసి కుడి చెవి మడిచి వెక్కిరించేది!"

గుబురమ్మ తలెత్తింది. గడ్డి తినేటప్పుడు ఎడమది. వెక్కిరించేటప్పుడు కుడిది. అందుకే రెండూ గుర్తొచ్చాయి! ఆమె దేన్నీ మర్చిపోలేదు. గుప్పెడు సగం ఆమె దగ్గరుంది, మిగతాది వీళ్లందరి దగ్గరా ఉంది.

"చారలమ్మా, ఇలా రా. బండ ఎక్కు," అంది గుబురమ్మ.

చారలమ్మ ఎక్కి కొట్టింది. చిటచిట... చిట్!

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

"అలా కాదే! మధ్యలో ఊపిరి పీల్చుకునేంత ఆగాలి. గుప్పెడు అక్కడ ఆగి నావైపు చూసేది," అని చెబుతూ గుబురమ్మ ఉలిక్కిపడింది. అది నావైపు చూసేది! ఈ సంగతి ఇన్నాళ్లూ గుర్తు రాలేదు. నేర్పుతుంటే గుర్తొచ్చింది.

ఇంకేముంది! కోతిపిల్లలు, జింకపిల్లలు వరస కట్టాయి. "నేను! అవ్వా, ఇప్పుడు నేను!" అడవంతా ధబధబ ధబ్ అని మోగిపోయింది. కంచె కోసం నరికిన రేగు కంప వాగులో కొట్టుకుపోతుంటే గుబురమ్మ అటు చూడను కూడా లేదు. ఒక బుజ్జి జింక కాలు పట్టుకుని, ఎక్కడ ఆగాలో చూపిస్తోంది.

నీతి: మనల్ని విడిచి వెళ్లినవాళ్లను ఒంటరిగా దాచుకోవాలని చూస్తే చేజారిపోతారు, వాళ్లు చేసిన మంచి పనిని నలుగురికీ నేర్పితే మనతోనే ఉంటారు.